ఆ గొయ్యి ఎక్కడుంది?

మా తోటికోడలి కొడుకు అర్మేనియా రాజధాని యెరెవాన్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. మొన్న ఆదివారం ఆవిడ ఫోన్ చేసి, "అక్కయ్యా, వాడుండే ఊరికి దగ్గర్లో అణు విద్యుత్ కేంద్రం ఉందట. దాని చెత్తంతా యుద్ధం జరిగిన కొండల్లో పాతిపెట్టారట. ఎవరో వీడియో పంపారు. నిజమేనా, మీ తమ్ముడిని అడగవా?" అంది. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది.

మా తమ్ముడు అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్ కొలిచే విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. మా అమ్మాయి న్యాయవాది, ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న నిర్వాసితుల కేసులు చూస్తుంది. ఆ రోజు ఇద్దరూ మా ఇంట్లోనే ఉన్నారు. భోజనాల దగ్గర మొదలైన వాదం దీపాలు పెట్టే వేళ దాకా సాగింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ విన్నది విన్నట్టు రాస్తున్నాను. నాకు తోచింది కూడా అక్కడక్కడా చెప్పక తప్పలేదు.

తెలియనివారికి రెండు ముక్కలు. నగోర్నో-కరబాఖ్ అజర్‌బైజాన్ సరిహద్దుల్లో ఉన్న కొండ ప్రాంతం. అప్పట్లో అక్కడ ఎక్కువమంది అర్మేనియన్లు. 1988లో మొదలైన గొడవ యుద్ధమై, 1994 మేలో కాల్పుల విరమణ కుదిరేనాటికి కరబాఖ్‌తో పాటు చుట్టూ ఉన్న అజర్‌బైజాన్ జిల్లాలు చాలావరకు అర్మేనియన్ సేనల చేతికొచ్చాయి. ఆ జిల్లాల నుంచి లక్షల మంది అజర్‌బైజానీలు కట్టుబట్టలతో వెళ్లిపోయారు. ఆ తర్వాతి ఏళ్లలో అజర్‌బైజాన్ రాజధాని బాకూ నుంచి పదే పదే వినిపించిన ఆరోపణ ఇది: అర్మేనియా తన మెట్సమోర్ కేంద్రం నుంచి వచ్చే అణు వ్యర్థాలను ఆక్రమించిన ఆ భూముల్లో పాతిపెడుతోందని.

తమ్ముడు: అక్కా, ముందు ఆవిడకు ఫోన్ చేసి భయపడొద్దని చెప్పు. అది యుద్ధంలో పుట్టిన మాట. ఇన్నేళ్లుగా అంటున్నారు, ఫలానా ఊళ్లో ఫలానా గొయ్యి అని ఒక్కసారి వేలు పెట్టి చూపించలేదు.

అమ్మాయి: చూపించడానికి వాళ్లను అక్కడికి ఎవరు వెళ్లనిచ్చారు మామయ్యా? ఆ చుట్టుపక్కల జిల్లాల్లోని అగ్దమ్ వాళ్లు అప్పట్లో తమ ఊరిని చూడాలంటే కాల్పుల విరమణ గీత ఇవతల నిలబడి దుర్భిణీలోంచి చూడాల్సొచ్చేది. ఇల్లు లాక్కున్నవాడు పెరట్లో ఏం పాతుతున్నాడో ఇల్లు పోగొట్టుకున్నవాడు సాక్ష్యం తేవాలా?

తమ్ముడు: నీ కోపం న్యాయమే. కానీ "అణు వ్యర్థం" అనే మాట దగ్గర కాస్త ఆగు. అది ఒక్క వస్తువు కాదు. అందరినీ భయపెట్టేది రియాక్టర్‌లోంచి తీసిన వాడేసిన ఇంధనం. మెట్సమోర్ రియాక్టర్‌లో ఒక్కో ఇంధన కట్ట మనిషికంటే పొడుగు, బరువు రెండు క్వింటాళ్ల పైన. బయటికి తీశాక కొన్నేళ్లు నీళ్ల కొలనులో ఉంచాలి. లేకపోతే తన వేడికి తానే పాడవుతుంది, దగ్గరికి వెళ్లిన మనిషి బతకడు. దాన్ని కదిలించాలంటే పదుల టన్నుల ఉక్కు పీపా, దాన్ని లేపే క్రేను, మోసే రైలు కావాలి. ఆ రోజుల్లో అర్మేనియా నుంచి కరబాఖ్‌కు నడిచే రైలు లేదు. లాచిన్ మీదుగా కొండ మలుపుల రోడ్డు ఉంది. అంత బరువు ఆ దారిన ఎవరి కంటా పడకుండా పోదు.

అమ్మాయి: పోదని నువ్వంటున్నావు.

తమ్ముడు: నేనే కాదు, లెక్కలూ అంటాయి. అర్మేనియా 1993లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో చేరింది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇన్‌స్పెక్టర్లు వస్తారు, కట్టలు లెక్కపెడతారు, సీళ్లు వేస్తారు, కెమెరాలు పెడతారు. వాడేసిన ఇంధనంలో ప్లుటోనియం ఉంటుంది కనక ఒక్క కట్ట తగ్గినా అది ప్రపంచ వార్త. పైగా ఫ్రెంచి వాళ్ల సాయంతో అక్కడే, కేంద్రం ఆవరణలోనే, కాంక్రీటు గదుల్లో పొడి నిల్వ కట్టారు. ఇంట్లోనే గాదె ఉన్నవాడు వడ్లు తీసుకెళ్లి పక్కూరి యుద్ధభూమిలో పాతుతాడా?

ఇక్కడ మా అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేదు. ఫోన్ పక్కన పెట్టి, కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుంది. దానికి ఆ అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. ఒప్పుకోవలసింది ఒప్పుకోవడానికి ముందు దగ్గరికి జరుగుతుంది.

అమ్మాయి: సరే, ఇంధనం సంగతి నువ్వన్నట్టే అనుకుందాం. మిగతాది? తొడుగులు, గుడ్డలు, ఫిల్టర్లు, నీళ్లు శుద్ధిచేసే రెసిన్లు, రిపేర్లలో తీసేసిన పైపులు. వాటికి ఇన్‌స్పెక్టర్ సీలు వేస్తాడా?

తమ్ముడు: వెయ్యడు. వాటిలో బాంబుకు పనికొచ్చేదేమీ ఉండదు కనక ఆ లెక్కలోకి రావు. ఆ దేశపు నియంత్రణ సంస్థే చూసుకోవాలి.

అమ్మాయి: చూశావా! 1992 నుంచి 1995 దాకా ఆ దేశం ఎలా ఉంది? రోజుకు గంటో రెండు గంటలో కరెంటు. గ్యాసు లేదు, రైలు లేదు. యెరెవాన్ జనం పార్కుల్లో చెట్లు కొట్టి పొయ్యిలో పెట్టుకున్నారు. 1988 డిసెంబరు భూకంపంలో పాతిక వేల మంది పోయాక ఆ భయంతోనే మూసేసిన కేంద్రాన్ని చలికి తట్టుకోలేక 1995లో మళ్లీ తెరిచారు. అంత ఇబ్బందిలో ఉన్న దేశంలో రెసిన్ డ్రమ్ములు ఎటు పోయాయో చూసే తీరిక ఎవరికుంది? పక్కనే మనుషుల్లేని జిల్లాలున్నాయి, అడిగే నాథుడు లేడు.

తమ్ముడు: జరగడానికి వీలుందని చెప్పావు. జరిగిందని చెప్పలేదు. ఈ రెంటి మధ్య నా ఉద్యోగమంతా ఉంది తల్లీ. వీలున్నదల్లా జరిగిందంటే కొలిచేవాడితో పని లేదు. ఇటలీలో ఏమైందో విను. మాఫియా ముఠాలో పనిచేసి బయటికొచ్చిన ఒకాయన, విష వ్యర్థాలు నింపిన ఓడను 1992లో చెత్రారో తీరంలో ముంచామని చెప్పాడు. 2009లో సముద్రం అడుగున నిజంగానే ఓ ఓడ శిథిలం కనిపించింది. ఊరూరా ఊరేగింపులు, చేపలు కొనేవాళ్లు తగ్గి జాలర్లకు నష్టాలు. చివరికి పరిశోధక నౌకను పంపి చూస్తే అది 1917లో మొదటి ప్రపంచ యుద్ధంలో మునిగిన కతానియా అనే ప్రయాణికుల ఓడ.

అమ్మాయి: మంచి ఉదాహరణ. కానీ నువ్వు దాన్ని సగమే వాడుకున్నావు. అది అబద్ధమని ఎలా తేలింది? ఎవరో కిందికి దిగి చూశారు కనక. కరబాఖ్‌లో ఎవరు దిగారు? నేను ఇంకోటి చెబుతా. 1999లో కొసావో మీద నాటో బాంబులేసినప్పుడు, యురేనియం తూటాలు వాడుతున్నారని యుగోస్లావియా గోల పెట్టింది. మిలోషెవిచ్ ప్రభుత్వం మాట ఎవరు నమ్ముతారు? యుద్ధ ప్రచారం అన్నారు. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి అడిగాక నాటోయే ఉత్తరం రాసింది, 31,000 తూటాలు పేల్చామని. అబద్ధాలకోరు నోట వచ్చినా కొన్ని మాటలు నిజమవుతాయి మామయ్యా.

తమ్ముడు: ఆ కథ చివరిదాకా చెప్పు మరి. ఉత్తరం తర్వాత మ్యాపు వచ్చింది. 112 చోట్లు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2000 నవంబరులో 11 చోట్లకు వెళ్లి మట్టి, నీళ్లు, పాలు పరీక్షించింది. తూటాలున్నమాట నిజం, కానీ విస్తారంగా కలుషితమైన నేల కనపడలేదని మరుసటి ఏడాది చెప్పింది. ఆరోపణ సగం నిజం, భయం సగం అబద్ధం అని తేలింది. అంకె ఉంది, చోటు ఉంది, నమూనా ఉంది. నేనడిగేది అంతే. మెట్సమోర్ మాటలో ఈ మూడూ లేవు.

వీళ్లిద్దరూ ఒకే కథను రెండు వైపుల నుంచి పట్టుకుని లాగుతుంటే నాకొకటి తోచింది. రెండు కథల్లోనూ నిజం బయటపడింది తలుపు తెరుచుకున్నాకే. ఇటలీలో ప్రభుత్వం ఓడను పంపింది, కొసావోలో సైన్యం మ్యాపు ఇచ్చింది. ఎవరూ తెరవని చోట నమ్మకం అనేది ఎవరి బంధువులెవరన్న దాని మీద నిలబడుతుంది.

తమ్ముడు: ఇంకో సంగతి. తర్తర్ నది ఆ ఆక్రమిత జిల్లాల్లో ఒకటైన కెల్బజార్ కొండల్లో పుట్టి కరబాఖ్ గుండా కిందికి పోతుంది. మధ్యలో సార్సంగ్ జలాశయం. కెల్బజార్‌లో విషం పాతితే మొదట తాగేది కరబాఖ్ అర్మేనియన్లే, వాళ్ల పిల్లలే. తన వాళ్లు తాగే నీళ్లలో ఎవరు కలుపుతారు?

అమ్మాయి: టెచా నది పేరు నువ్వు నాకంటే ముందు వినుంటావు.

తమ్ముడు చెయ్యి గాలిలో ఆగిపోయింది. విన్నాడని నాకు తెలుసు. తనే ఒకప్పుడు నాకు చెప్పాడు. ఉరల్ కొండల్లో సోవియట్ ప్రభుత్వపు మాయక్ కర్మాగారం 1949 నుంచి కొన్నేళ్లు రేడియోధార్మిక ద్రవాలను తిన్నగా ఆ నదిలోకి వదిలింది. ఒడ్డున తాతార్, బష్కీర్ పల్లెలు. వాళ్లకు కారణం చెప్పలేదు. నీళ్లు ముట్టొద్దని ముళ్లకంచె వేశారు, చాలా ఊళ్లను ఖాళీ చేయించారు, ముస్ల్యూమొవో లాంటి ఊరు మాత్రం దశాబ్దాల పాటు అక్కడే ఉండిపోయింది.

అమ్మాయి: సొంత జనం తాగే నది అది, సొంత ప్రభుత్వం చేసిన పని. ఎవరు తన వాళ్లు అన్నది ఆఫీసులో కూర్చున్నవాడు తేలుస్తాడు మామయ్యా, నది ఒడ్డున ఉన్నవాడు కాదు. మెట్సమోర్ కట్టిందీ ఆ ప్రభుత్వమే. నాకు అర్మేనియా మీద కసి లేదు. కానీ "తన వాళ్లకు చేసుకోడు" అన్న మాట మాత్రం నేను కొట్టేస్తా.

తమ్ముడు: ఒప్పుకున్నా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఇంత తొందరగా ఒప్పుకుంటాడని నేననుకోలేదు. కొలిచే పనిలో బతుకు గడిపినవాడు కదా, తప్పు అంకె కొట్టేయడం వాడికి అలవాటు.

తమ్ముడు: కానీ ఇది కూడా విను. పర్యావరణం అనే మాటను ఆ నేల మీద ఎలా వాడారో నీకు తెలుసు. 2022 డిసెంబరు 12న అజర్‌బైజాన్ నుంచి కొందరు పర్యావరణ కార్యకర్తలమంటూ వచ్చి లాచిన్ రోడ్డు మీద కూర్చున్నారు. బంగారు గనుల వల్ల, రాగి గనుల వల్ల ప్రకృతి నాశనమవుతోంది, మమ్మల్ని తనిఖీకి పంపండి అన్నారు. కరబాఖ్‌లో మిగిలిన లక్ష పైచిలుకు జనానికి ఆ రోడ్డు ఒక్కటే దారి. అంతర్జాతీయ న్యాయస్థానం 2023 ఫిబ్రవరి 22న రాకపోకలు సాగనివ్వమని ఆదేశించినా సాగలేదు. ఏప్రిల్లో కార్యకర్తలు లేచి వెళ్లారు, అప్పటికి అక్కడ సైనిక చెక్‌పోస్టు వచ్చేసింది. దుకాణాల్లో సరుకులు లేవు, మందులు లేవు. సెప్టెంబరు 19న అజర్‌బైజాన్ దాడి చేసింది. వారం పది రోజుల్లో లక్ష మందికి పైగా అర్మేనియన్లు ఇళ్లు వదిలి అదే రోడ్డున అర్మేనియాకు పోయారు. చెట్టు కోసం, నీటి కోసం అని మొదలైన మాట మనుషుల్ని ఊళ్ల నుంచి ఊడ్చేసింది. మెట్సమోర్ గురించి అంత బెంగపడే వాళ్లే 2020 జులైలో ఏమన్నారు? మా మింగెచేవీర్ జలాశయాన్ని ముట్టుకుంటే మా క్షిపణులు మెట్సమోర్‌ను గురి తప్పకుండా కొట్టగలవు అని వాళ్ల రక్షణ శాఖ ప్రతినిధే అన్నాడు. రేడియేషన్ గాలికి సరిహద్దు ఉంటుందా?

మా అమ్మాయి కళ్లు దించుకుంది. కోర్టులో చట్టాలు వల్లించే పిల్ల, ఆ లక్ష మంది మాట వచ్చేసరికి గొంతు పెగల్లేదు. కాసేపాగి అంది.

అమ్మాయి: అది అన్యాయం. అందులో నేను వాళ్లను సమర్థించను. కానీ నా దగ్గరికొచ్చే నిర్వాసితుల్లో ఒక్కొక్కరికీ ఒక్కో ఏడు ఉంటుంది మామయ్యా. అగ్దమ్ వాళ్లను అడిగితే 1993 జులై అంటారు. అజర్‌బైజాన్‌లోని బార్దాలో గూడ్సు పెట్టెల్లో ఏళ్ల తరబడి కాపురాలు చేశారు. కరబాఖ్‌లోని స్టెపానకెర్ట్ వాళ్లను అడిగితే 2023 సెప్టెంబరు అంటారు. నువ్వు ఏ ఏడు నుంచి లెక్క మొదలుపెడితే ఆ పక్షం అవుతావు. మన దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అజర్‌బైజాన్ పాకిస్తాన్ పక్షం, అర్మేనియా మన దగ్గర ఆయుధాలు కొంటుంది. మన హైదరాబాద్ సంస్థ చేసే ఆకాశ్ క్షిపణులు అక్కడికి వెళ్లాయి. అందుకని టీవీ ముందు కూర్చున్న మనకు ఈ ఆరోపణ వినకముందే అబద్ధమైపోతుంది. నువ్వు కూడా...

తమ్ముడు: నన్ను ఆ లెక్కలో వెయ్యకు.

ఆ ఒక్క మాటే గట్టిగా అన్నాడు. నొచ్చుకున్నాడు. దాని మాటలో నిజం లేకపోలేదని నాకనిపించింది. మేమంతా ఎవరి వార్తలు చూసి ఎవరి మీద జాలిపడతామో ఆలోచిస్తే కొంచెం భయం వేస్తుంది. కానీ తమ్ముడు అలాంటివాడు కాదు. నేను కాఫీ కలిపి తెచ్చాను. వాడు గ్లాసు చేతిలో పట్టుకునే మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి గొంతు తగ్గించి.

తమ్ముడు: నాకు నిద్రపట్టనివ్వని కథ ఆ చుట్టుపక్కలదే. జార్జియాలో, అబ్‌ఖాజియా గీతకు దగ్గర్లో, లియా అని ఒక పల్లె. 2001 డిసెంబరులో ముగ్గురు కట్టెల కోసం అడవికి పోయారు. చుట్టూ మంచు. ఒకచోట మాత్రం మంచు కరిగి నేల ఆవిర్లు కక్కుతోంది. మధ్యలో రెండు చిన్న లోహపు డబ్బాలు, పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడి. చలి రాత్రి కదా, దేవుడిచ్చిన కుంపటి అనుకున్నారు. పక్కన పెట్టుకుని, వీపు ఆనించి పడుకున్నారు. కొన్ని గంటల్లోనే వాంతులు మొదలయ్యాయి. అది స్ట్రాన్షియం-90. ఇంగూరి నది మీది జలవిద్యుత్ కట్టడాల మధ్య రేడియో సంకేతాలు నడిపే యంత్రాలకు సోవియట్ కాలంలో పెట్టిన కరెంటు డబ్బాలవి. దేశం కూలింది, అంతర్యుద్ధాలొచ్చాయి, కాపలావాడు పోయాడు, డబ్బా మిగిలింది. ముగ్గురిలో ఒకరు రెండేళ్ల పైన ఆస్పత్రుల్లో నరకం చూసి పోయాడు. అక్కడ ఎవరూ కుట్ర చెయ్యలేదు, ఎవరూ ఎవరి మీదా ఆరోపణ చెయ్యలేదు. ఆ ముగ్గురి కంటే ముందు వాటిని ఎవరూ కనిపెట్టలేదు కూడా.

చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. వీధిలో పూలమ్మే ఆవిడ కేక వినిపించింది.

అమ్మాయి: ఇప్పుడు నా మాట నువ్వే చెప్పావు. పాతిపెట్టారా లేదా అన్నది నేను రుజువు చెయ్యలేను. పాలన కూలిన నేలను వెతకకుండా వదలొద్దు అన్నదే నా వాదం.

తమ్ముడు: వెతకొద్దని నేను ఎప్పుడన్నాను? వెతక్కముందు తీర్పు చెప్పొద్దంటున్నా. దానికి దారి కూడా ఒకసారి కనిపించింది. 2006లో ఆ భూముల్లో పెద్ద మంటలొచ్చాయి. అర్మేనియన్లు కావాలని తగలబెట్టారని బాకూ అంది. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానం చేసింది. అక్టోబరులో యూరప్ భద్రతా సహకార సంస్థ బృందం నిపుణులతో లోపలికి వెళ్లి కాలిన నేలను నడిచి చూసింది. నష్టం నిజమే, ప్రజల ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు నిజమే అని రాసింది. శాంతి ఇంకా కుదరని రోజుల్లో, శత్రువుల రెండు గీతలు దాటి! నిప్పు కోసం అది జరిగింది. మట్టి కోసం ఎందుకు జరగకూడదు?

అమ్మాయి: ఇప్పుడైతే గీత కూడా లేదు. 2020 నవంబరులో అగ్దమ్, కెల్బజార్, డిసెంబరు 1న లాచిన్ తిరిగి అజర్‌బైజాన్ చేతికొచ్చాయి. 2023లో మిగతాదీ వచ్చింది. ఆరోపించిన వాడి చేతిలోనే ఇప్పుడు పార, నేల రెండూ ఉన్నాయి. ఇన్నేళ్లు "మమ్మల్ని వెళ్లనివ్వలేదు" అన్న మాటకు నేను గౌరవం ఇచ్చాను. ఇకమీదట ఇవ్వలేను. ఇప్పుడు తలుపు తాళం వాళ్లదే.

ఈ మాట దాని నోట రావడం నేను గమనించాను. తమ్ముడూ గమనించాడు, కానీ గెలిచినట్టు మొహం పెట్టలేదు.

తమ్ముడు: అక్కడ ఇప్పుడు మందుపాతరలు ఏరుతున్నారు కదా. అంగుళం అంగుళం నడుస్తున్నారు. తిరిగొచ్చిన వాళ్లు, గొర్రెలు కాసుకునే వాళ్లు వాటి మీద కాలు పెట్టి పోతూనే ఉన్నారు. ఈ క్షణాన చంపుతున్నది అది, దాన్ని మర్చిపోకూడదు. అలా నడిచే ప్రతి జట్టులో ఒకడి చేతికి గామా మీటరు ఇస్తే చాలు, సగం పని అయిపోతుంది.

అమ్మాయి: మిగతా సగం?

తమ్ముడు: లోతుగా పాతింది పైనుంచి మీటరుకు దొరకదు. బావి నీళ్లు, ఊట నీళ్లు తియ్యాలి. ఒక్క సీసియం దొరికిందని కేకలు వెయ్యకూడదు. పాత అణు పరీక్షల సీసియం, చెర్నోబిల్ సీసియం ప్రపంచమంతా ఇంతో అంతో రాలి ఉంది. రియాక్టర్ చెత్తయితే దానితో పాటు కోబాల్ట్-60 ఉండాలి. ముప్పై ఏళ్లలో అది యాభయ్యో వంతుకు పడిపోతుంది, అయినా మంచి ల్యాబుకు దొరుకుతుంది. రోజు గడిచేకొద్దీ తగ్గిపోతుంది కనక ఆలస్యం చేస్తే, ఉన్నా లేనట్టే.

అమ్మాయి: ల్యాబు ఎవరిది?

తమ్ముడు: ఇద్దరిదీ కానిది. ఒకే నమూనాను మూడు చోట్లకు పంపాలి.

నేనప్పుడు అడిగాను, "మరి మా తోటికోడలికి ఏం చెప్పను?" తమ్ముడు కాసేపు ఆలోచించాడు. "ఆ గొయ్యి ఉన్నా అది మనవాడికి దూరం. వాడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్నది పాత రియాక్టర్, భూకంపాల నేల మీద, కొత్త కేంద్రాలకు ఉండే గట్టి కాంక్రీటు డోము లేనిది. అడగాల్సిన ప్రశ్నలు దాని గురించి ఉన్నాయి. రోజూ దాన్ని చూసుకునే మనుషులున్నారు, బయటివాళ్లు వచ్చి తనిఖీ చేస్తున్నారు. వాణ్ని చదువుకోమను" అన్నాడు.

క్యాలెండర్‌లోంచి పోయిన నెల కాగితం చింపి, వెనక వైపు ఏదో రాసి అమ్మాయి ముందుకు తోశాడు. కోబాల్ట్-60, సీసియం-137, స్ట్రాన్షియం-90, ట్రిటియం. కింద: బావి నీళ్లు, తర్తర్ నది బురద, గొర్రె పాలు. అమ్మాయి చదివి, వాడి చేతిలోంచి పెన్ను తీసుకుంది. అగ్దమ్‌కు తిరిగొచ్చిన వాళ్లు అని ఒక వరస రాసింది. దాని కింద ఇంకో వరస: ముప్పై ఏళ్లు ఆ నీళ్లు తాగి, ఇప్పుడు అర్మేనియాలో అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు. రెండు వరసలనూ కలిపి పక్కన ఒక గీత గీసి, ఫలితం ఇద్దరికీ ఒకే రోజు, అని రాసింది.

తమ్ముడు కళ్లజోడు పెట్టుకుని చూశాడు. పెన్ను మళ్లీ తీసుకుని, "ఒకే రోజు" కింద ఇంకో గీత గీశాడు.